ఉబ్బసము వంశపారంపర్యమా?

"మా తాతకు ఉబ్బసము, మా నాయనకు ఉబ్బసము, ఇక నాకు రాక మానునా?" అని నిట్టూర్చువారిని మనము తరచుగా చూచుచున్నాము. "ఆ ఇంట ఉబ్బసమున్నదట" అని పెండ్లి సంబంధములు వదలుకొనువారును గలరు. అట్టి మాటకు భయపడి ఆడపిల్ల వ్యాధిని దాచిపెట్టి, పదిమందిలో ఆమెను మందు పీల్చనీయని తల్లిదండ్రులును గలరు. పసివానికి పిల్లికూతలు మొదలుకాగానే "ఇది మీ పుట్టింటి వరుస" అని కోడలిని నిందించుట కొన్ని కుటుంబములలో నేటికిని వినవచ్చు మాటయే. ఈ మాటలన్నిటికిని మూలమొక్కటే: ఉబ్బసము పొలము పుట్రవలె తండ్రినుండి కొడుకునకు, తల్లినుండి బిడ్డకు సంక్రమించునను నమ్మకము. ఈ నమ్మకములో నిజమెంత? పొరపాటెంత? గడచిన వంద సంవత్సరములలో జన్యుశాస్త్రము దీనికి చెప్పిన సమాధానమును ఈ వ్యాసములో పరిశీలింతము.

ఉబ్బసము క్రొత్త వ్యాధి కాదు. చరకసంహితలో 'తమకశ్వాస' యను పేరుతో వర్ణింపబడిన వ్యాధి లక్షణములు నేటి ఉబ్బసమును చాలవరకు పోలియున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019వ సంవత్సరములో ప్రపంచమున 26 కోట్ల 20 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడుచుండిరి. ఆ యేడు 4 లక్షల 55 వేల మంది దీనివలన మరణించిరి. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు కొరకు బారులు తీరు జనమును చూచినవారికి ఈ బాధ ఎంత విస్తారమైనదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మందు గుణమును నిరూపించిన శాస్త్రీయ పరీక్ష లేకపోయినను, ఊపిరి సలుపని మనిషి ఆశ ఎంత బలమైనదో ఆ బారులు చెప్పుచున్నవి.

వ్యాధి స్వరూపము

మన గొంతునుండి క్రిందికి పోవు శ్వాసనాళము రెండు కొమ్మలుగా చీలి రెండు ఊపిరితిత్తులలో ప్రవేశించును. ఆ కొమ్మలు మరల మరల చీలి, తలక్రిందులుగా నిలిపిన చెట్టువలె, సన్నని శ్వాసనాళికలుగా మారును. వాటి చివర గాలితిత్తులు గలవు. ప్రతి నాళిక లోపలి గోడకు ఒక పలుచని పొర ఉన్నది. దాని చుట్టును కండరము పట్టీవలె చుట్టుకొని యున్నది.

ఉబ్బసరోగిలో మూడు మార్పులు జరుగును. మొదటిది, నాళికల చుట్టునున్న కండరము బిగుసుకొనును. రెండవది, లోపలి పొర వాచి ఉబ్బును. మూడవది, చిక్కని కఫము ఊరి ఉన్న కొద్దిపాటి మార్గమును మూసివేయును. పీల్చిన గాలి బయటికి పోవుట కష్టమగును. ఇరుకైన దారిలో గాలి దూసుకొనిపోవుటచేత ఈల వంటి శబ్దము పుట్టును. దానినే మనవారు పిల్లికూతలని చక్కగా పేరు పెట్టిరి.

ఆయాసము వచ్చిపోవునది. కాని ఆయాసము లేని దినములలో కూడ లోపలి పొర పూర్తిగా ఆరోగ్యముగ నుండదు. అందు మందకొడిగ వాపు నిలిచియే యుండును. అట్టి నాళికలకు దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి, జలుబు వీనిలో ఏది తగిలినను చాలు, కండరము బిగుసుకొనును. ఆరోగ్యవంతుడు ఒక తుమ్ముతో సరిపుచ్చుకొను దుమ్మునకు ఉబ్బసరోగి రాత్రియంతయు కూర్చుండి తెల్లవార్చవలసివచ్చును. ఒకే వీధిలో, ఒకే దుమ్ములో ఆడుకొను ఇద్దరు పిల్లలలో ఒకనికే ఇట్లు జరుగుటకు కారణమేమి? అనువంశికతను గూర్చిన ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది.

కవలల సాక్ష్యము

ఎలర్జీ వ్యాధులు కొన్ని కుటుంబములలో అధికముగ కనిపించునని 1916లో అమెరికాలో కుక్, వాండర్ వీర్ అను వైద్యులు వందలకొలది రోగుల కుటుంబ చరిత్రలను సేకరించి చూపిరి. అయితే కుటుంబములో ఉన్నంత మాత్రమున అది రక్తములో ఉన్నదనుటకు వీలులేదు. తండ్రి కొడుకులు జన్యువులనే కాదు, ఇంటిని, వంటను, పొయ్యి పొగను, పరుపులోని దుమ్మును కూడ పంచుకొనుచున్నారు. ఈ రెంటిని విడదీయుట ఎట్లు?

ఇందుకు ప్రకృతియే ఒక ప్రయోగమును సిద్ధపరచి యుంచినది. కవలలలో రెండు రకములు గలరు. ఒకే అండము ఫలదీకరణమైన పిదప రెండుగా చీలుటవలన పుట్టినవారు అభిన్న కవలలు. వీరి జన్యువులు దాదాపు అక్షరమక్షరము సమానము. రెండు వేర్వేరు అండములనుండి పుట్టినవారు విభిన్న కవలలు. వీరు మామూలు అన్నదమ్ములవలె సగటున సగము జన్యుభేదములను మాత్రమే పంచుకొందురు. ఇరువురును ఒకే ఇంట పెరుగుదురు. కనుక అభిన్న కవలలలో పోలిక ఎక్కువగ నున్నచో, ఆ ఎక్కువ జన్యువుల పనియని ఊహింపవచ్చును.

1971లో స్వీడను దేశమున దాదాపు 7,000 కవల జంటలపై జరిగిన పరిశీలన ఫలితములు ప్రకటింపబడినవి. కవలలలో ఒకరికి ఉబ్బసమున్నప్పుడు రెండవవారికి కూడ ఉండుట అభిన్న కవలలలో నూటికి 19 జంటలలోను, విభిన్న కవలలలో నూటికి 4.8 జంటలలోను కనిపించినది. నాలుగు రెట్ల తేడా. అనువంశికత ఉన్నదనుటకు ఇది బలమైన సాక్ష్యము.

కాని ఈ అంకెను రెండవవైపునుండి కూడ చదువవలెను. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో విద్యార్థులచేతనే చెప్పించిన బాగుండును. జన్యువులు సమానమైన జంటలలో నూటికి 19 చోట్లనే ఇద్దరికి వ్యాధి వచ్చినది. తక్కిన 81 జంటలలో అదే జన్యుసంపద గల రెండవవారు ఉబ్బసము లేకుండనే యున్నారు. జన్యువులే సర్వమును నిర్ణయించుచున్నచో ఆ అంకె 19 గాక నూటికి నూరు కావలసియుండెను. ఒకే పరిశీలన అనువంశికతను ఋజువు చేసినది, దాని హద్దును కూడ చూపినది.

ఒక ద్వీపము కథ

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రము నడుమ త్రిస్తాన్ ద కూన్యా యను చిన్న ద్వీపమున్నది. ఆఫ్రికా తీరమునకు రెండువేల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న ఈ అగ్నిపర్వత ద్వీపములో 1816లో బ్రిటిషువారు కొంత సైన్యమును నిలిపిరి. మరుసటి యేడు సైన్యము తిరిగిపోగా విలియం గ్లాస్ అను సైనికుడు భార్యాబిడ్డలతో అచటనే ఉండిపోయెను. పిదప ఓడలవారు కొందరు, సెయింట్ హెలీనా ద్వీపమునుండి కొందరు స్త్రీలు వచ్చి చేరిరి. నేటి ద్వీపవాసులు ప్రధానముగ పదిహేనుమంది పూర్వీకుల సంతతి. ఆ తొలివారిలో కొందరికి ఉబ్బసముండెను.

1961లో అగ్నిపర్వతము ప్రేలగా ద్వీపవాసులందరిని ఇంగ్లండునకు తరలించిరి. అచట వారిని పరీక్షించిన వైద్యులు వారిలో ఉబ్బసము అసాధారణముగ నుండుట గమనించిరి. 1963లో వారు స్వస్థలమునకు తిరిగిపోయిరి. ముప్పది సంవత్సరముల తరువాత, 1993లో, కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన నో జామెల్ బృందము ద్వీపమునకు పోయి 282 మందిని పరీక్షించినది. వారిలో నూటికి 23 మందికి ఉబ్బసము స్పష్టముగ నున్నది. కొద్దో గొప్పో లక్షణములున్న వారిని కూడ కలిపినచో నూటికి 57 మంది తేలిరి.

కొద్దిమంది పూర్వీకుల జన్యువులే తరతరములుగ వారిలో వారికే పంచబడుటచేత ఈ పరిస్థితి ఏర్పడినది. దీనిని జన్యుశాస్త్రజ్ఞులు స్థాపక ప్రభావమని యందురు. ఒక ఊరి చెరువులో ఒకసారి వేసిన చేపపిల్లల జాతియే ఆ చెరువంతయు నిండునట్లు, మొదట వచ్చినవారి జన్యుభేదములే అచటి జనమంతటిలో నిండినవి.

బఠాణీ లెక్క ఇచట చెల్లదు

పాఠశాలలో మనము మెండెల్ బఠాణీ మొక్కలను గూర్చి చెప్పుదుము. పొడుగు, పొట్టి, నునుపు, ముడుత. ఒక్కొక్క లక్షణమునకు ఒక్కొక్క జన్యువు. తలసీమియా వంటి రక్తవ్యాధులు కొన్ని ఈ లెక్క ప్రకారమే సంక్రమించును. తలిదండ్రులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. ఉబ్బసము అట్టిది కాదు. దానికి ఒక జన్యువు లేదు. ఒక్కొక్కటి కొంచెము కొంచెముగ ప్రభావము చూపు అనేక జన్యుభేదములు కలిసి దానికి దారి తీయును.

మన దేహకణములలో 23 జతల క్రోమోసోములు గలవు. ఒక్కొక్క పేటునందలి డి.ఎన్.ఏ. సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథము. అందు ప్రోటీనుల నిర్మాణమును తెలుపు జన్యువులు సుమారు 20,000. ఏ ఇద్దరు మనుష్యుల గ్రంథములను పోల్చినను సుమారు వేయి అక్షరములకు ఒకటి చొప్పున భేదము కనిపించును. ఈ భేదములలో అధికభాగము ఏ కీడును చేయవు. కొన్ని మాత్రము ఒక ప్రోటీను కొంచెము ఎక్కువగానో, తక్కువగానో, కొద్ది మార్పుతోనో తయారగునట్లు చేయును.

ఇట్టి అనేక చిన్న ప్రభావములు ఎట్లు కలియునో తరగతిలో నాణెములతో చూపవచ్చును. ఒక విద్యార్థికి పది నాణెములిచ్చి ఎగురవేయుమనుడు. బొమ్మ పడిన ప్రతి నాణెము ఒక ఉబ్బస జన్యుభేదమనుకొనుడు. పదికి ఎనిమిది గాని, అంతకు మించి గాని బొమ్మలు పడినప్పుడే వ్యాధి బయటపడునని హద్దు పెట్టుడు. లెక్క ప్రకారము పది నాణెములు 1,024 విధములుగ పడవచ్చును. అందు ఎనిమిది బొమ్మలు పడుట 45 విధములు, తొమ్మిది పడుట 10 విధములు, పదియు పడుట ఒక విధము. మొత్తము 56. అనగా నూటికి సుమారు 5.5 మందికి వ్యాధి వచ్చును.

ఇప్పుడు ఇంటిలో పొగ నిండినదనుకొనుడు. పొగకు నాళికలు ముందే ఉద్రేకించి యుండుటచేత ఎనిమిది బొమ్మలు అక్కరలేదు, ఏడు చాలును. ఏడు బొమ్మలు పడుటకు 120 విధములు గలవు. వానిని కలిపినచో 176. నూటికి 17 మంది! నాణెములు మారలేదు, పడిన తీరు మారలేదు. హద్దు ఒక మెట్టు దిగినంతనే రోగుల సంఖ్య మూడు రెట్లకు మించినది. ఇది అర్థమగుటకై కల్పించిన నమూనాయేగాని నిజమైన జన్యువుల లెక్క కాదు. అయినను ఉబ్బసము స్వభావమును ఇది చక్కగ తెలుపుచున్నది. తలిదండ్రులనుండి మనకు వచ్చునది వ్యాధి కాదు, వ్యాధికి లోనగు స్వభావము. దానినే రోగప్రవణత యందుము. ఎండుకట్టె పచ్చికట్టెకంటె త్వరగ అంటుకొనును. కాని నిప్పు తగులనిదే ఎండుకట్టె కూడ మండదు.

జన్యువుల వేట

ఈ జన్యుభేదములు ఎచటనున్నవో వెదకుట మొదట చాల కష్టమైన పని. 2002లో 460 కుటుంబములను పరిశీలించి 20వ క్రోమోసోములో 'అడామ్-33' అను జన్యువును గుర్తించిరి. 2003లో మానవ జన్యుగ్రంథ పఠనము ముగిసిన పిదప పద్ధతి మారినది. రోగులను, రోగము లేనివారిని వేలకొలదిగ చేర్చి, ఒక్కొక్కరిలో లక్షలకొలది అక్షరస్థానములను ఒకేసారి పోల్చి చూచుటకు వీలు కలిగినది.

2007లో లండనులోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన మిరియం మోఫట్, విలియం కుక్సన్ బృందము ఈ విధముగ ఉబ్బసమున్న 994 మందిని, లేని 1,243 మందిని మూడు లక్షలకు పైగ స్థానములలో పోల్చినది. చిన్ననాటనే మొదలగు ఉబ్బసమునకు 17వ క్రోమోసోములోని ఒక భాగముతో స్పష్టమైన సంబంధము కనబడినది. 2018లో ప్రకటింపబడిన మరియొక పరిశీలన 23,948 మంది రోగులను, రోగము లేని 1,18,538 మందిని పోల్చి 18 జన్యుస్థానములను చూపినది.

17వ క్రోమోసోములోని ఆ భాగమున గల జన్యువులలో గాస్‌డెర్మిన్-బి యనునది ఒకటి. దాని ప్రోటీను శ్వాసనాళికల పొరయందలి కణములలో రంధ్రములు చేసి, కణములు ఉబ్బి పగులునట్లు చేయగలదు. ఆ ప్రోటీనుకు ఈ శక్తి లేకుండ చేయు జన్యుభేదము గలవారిలో ఉబ్బసము తక్కువ.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. 17వ క్రోమోసోములోని ప్రమాదకర భేదము అరుదైనది కాదు. యూరపువాసులలో దాదాపు సగము క్రోమోసోములలో అది ఉన్నది. అందరికిని ఉబ్బసము రాలేదు. "చెడ్డ జన్యువు" అని మనము వేలెత్తి చూపునది వీధిలోని ప్రతి ఇంటనుండు మామూలు జన్యువే!

మరియొక మాట. ఈ వ్యాధి జన్యువులన్నియు నాళికలకే సంబంధించినవి కావు. ఫిలాగ్రిన్ అను ప్రోటీను చర్మమును బిగువుగ ఉంచును. ఆ జన్యువు చెడిన శిశువులకు గజ్జి వంటి పొడి చర్మవ్యాధి, అనగా ఎగ్జీమా, ముందుగ వచ్చి, వారిలో కొందరికి పిదప ఉబ్బసము వచ్చునని 2006లో తేలినది. చర్మపు గోడలో పగుళ్లుండుటచే ఎలర్జీ కలిగించు పదార్థములు లోనికి చేరి దేహరక్షణ వ్యవస్థను రెచ్చగొట్టునని శాస్త్రజ్ఞుల ఊహ.

ఒక అక్షరము, ఒక వైరసు

జన్యువునకు పరిసరమునకు గల లంకె ఎంత సన్నిహితమో తెలుపుటకు డెన్మార్కులో మొదలైన ఒక పరిశోధన చక్కని ఉదాహరణము. రెండునుండి ఆరేండ్ల వయస్సులో ఉబ్బసము తీవ్రమై మాటిమాటికి ఆసుపత్రిలో చేరిన పిల్లల డి.ఎన్.ఏ.ను పరిశీలింపగా, 7వ క్రోమోసోములోని సి.డి.హెచ్.ఆర్.-3 అను జన్యువులో ఒక భేదము ఎక్కువగ కనిపించినదని 2014లో ప్రకటించిరి. భేదము ఒక్క అక్షరము. 'జి' ఉండవలసినచోట 'ఏ' ఉన్నది. దానిచేత ఆ ప్రోటీనులో 529వ స్థానమున సిస్టీనుకు బదులు టైరోసీను చేరును.

ఈ ప్రోటీను పని యేమి? మరుసటి యేడు అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు జవాబు కనుగొనిరి. పిల్లలలో తీవ్రమైన పిల్లికూతలకు కారణమగు జలుబు వైరసులలో రైనోవైరస్-సి యను జాతి కలదు. ఆ వైరసు శ్వాసనాళికల కణములను పట్టుకొను పిడి ఈ ప్రోటీనే! ఆ ఒక్క అక్షరము మారినవారిలో ఈ పిడులు కణము పైకి ఎక్కువగ వచ్చును, వైరసు సులభముగ పట్టు దొరకించుకొనును.

కథను మరల చూడుడు. జన్యువు తనంతట ఉబ్బసమును తేలేదు. అది వైరసునకు తలుపు కొంచెము ఓరగ తెరచి పెట్టినది, అంతే. వైరసు రానిచో ఆ తలుపు ఓరగ నున్నను ఇంటికి భయము లేదు.

ఒకే జన్యుభేదము, రెండు ఫలితములు

17వ క్రోమోసోములోని భేదము ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతిని బయటపెట్టినది. 2008లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు 372 కుటుంబములను పరిశీలించి, ఆ భేదము గల పిల్లలు పసితనములో పొగాకు పొగను పీల్చినచో శైశవముననే మొదలగు ఉబ్బసము వారికి వచ్చు అవకాశము మరింత పెరుగునని చూపిరి. ఇంటిలో తండ్రి కాల్చు సిగరెట్టు పొగ బిడ్డ జన్యువుతో చేతులు కలుపుచున్నదన్నమాట.

2016లో యూరపు గ్రామములలో జరిగిన మరియొక పరిశోధన దీనికి రెండవ ముఖమును చూపినది. అదే జన్యుభేదము గల పిల్లలలో పశువుల కొట్టమునకు అలవాటుపడి పెరిగినవారికి పిల్లికూతలు తక్కువగ వచ్చినవి. పొగలో హాని చేసిన జన్యుభేదమే కొట్టములో మేలునకు తోడైనది. కనుక ఒక జన్యుభేదము మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు "ఏ ఇంటిలో?" అని ఎదురు ప్రశ్న వేయవలసియున్నది.

రెండు గ్రామీణ సమాజములు

అమెరికాలో అమిష్, హటరైట్ అను రెండు క్రైస్తవ వ్యవసాయ సమాజములున్నవి. ఇరువురి పూర్వులును యూరపునందలి ఆల్ప్సు పర్వత ప్రాంతములనుండి వచ్చినవారే. వారి జన్యువులకు చాల దగ్గర పోలిక గలదు. ఆహారమును ఇంచుమించు ఒకటియే. ఇరువురును పెద్ద కుటుంబములు గలవారు. కాని సేద్యపు పద్ధతిలో తేడా ఉన్నది. అమిష్‌లు గుర్రములతో దున్నుకొనుచు, ఇంటి ప్రక్కనే పశువుల కొట్టముంచుకొందురు. వారి పిల్లలు అందులోనే ఆడుకొందురు. హటరైట్లది యంత్రములతో సాగు పెద్ద ఉమ్మడి వ్యవసాయము. పశువులు ఇండ్లకు దూరముగ నుండును.

2016లో కెరోల్ ఓబర్, ఎరికా ఫాన్ మూటియస్ మొదలగువారు ఈ రెండు సమాజములనుండి 30 మంది చొప్పున పిల్లలను పోల్చిరి. అంతకుముందలి గణనల ప్రకారము బడిపిల్లలలో ఉబ్బసము అమిష్‌లలో నూటికి 5.2, హటరైట్లలో నూటికి 21.3. ఇంటి దుమ్ములో బాక్టీరియానుండి వచ్చు ఎండోటాక్సిన్ అను పదార్థము అమిష్‌ల ఇండ్లలో 6.8 రెట్లు ఎక్కువగ నున్నది. ఆ దుమ్మును ఎలుకల ముక్కులలో వేసి చూడగా, వానిలో ఉబ్బసము వంటి లక్షణములు తగ్గినవి. హటరైట్ల ఇంటి దుమ్మునకు ఆ గుణము కనబడలేదు.

శైశవములో అనేక విధముల బాక్టీరియాతో పరిచయము కలిగిన దేహరక్షణ వ్యవస్థ శత్రువెవరో, కానిదెవరో త్వరగ నేర్చుకొనునని దీనివలన ఊహింపవచ్చును. మన నాణెముల లెక్క ఇచట మరల జ్ఞప్తికి వచ్చును. ఒకే విధముగ పడిన నాణెములు, వేరు వేరు హద్దులు. కాని దీనిని బట్టి దుమ్మంతయు మంచిదని గాని, పిడకల పొగ మేలని గాని అనుకొనరాదు. ఇప్పటికే ఉబ్బసమున్నవారికి దుమ్ము, పొగ రెండును హానికరములే. పశువుల సాంగత్యమునకు, వాటి పిడకలను మూసిన వంటగదిలో కాల్చుటకు పోలిక లేదు.

మనము గ్రహింపదగినది

ఇంటిలో ఉబ్బసమున్నది గనుక బిడ్డకు తప్పక వచ్చునా? రాదు. అవకాశము కొంత పెరుగునంతే. రక్తపరీక్షతోనో, డి.ఎన్.ఏ. పరీక్షతోనో ఫలాని బిడ్డకు ఉబ్బసము వచ్చునని నేడు ముందుగ చెప్పగలమా? చెప్పలేము. ఒక్కొక్క జన్యుభేదపు ప్రభావము అంత స్వల్పము. అదిగాక ఇట్టి పరిశోధనలలో పాల్గొన్నవారు అధికముగ యూరపు సంతతివారు. భారతీయులలో ఇట్టి పరిశీలనలు విస్తారముగ జరుగవలసియున్నది. కనుక ఉబ్బసమును కారణముగ చూపి పెండ్లి సంబంధమును వదలుకొనుటకు గాని, తల్లినో తండ్రినో దోషిగ నిలబెట్టుటకు గాని జన్యుశాస్త్రము ఏ ఆధారమును ఇచ్చుటలేదు. ఉబ్బస జన్యుభేదములు రెండు వైపులనుండియు వచ్చును. వాటిలో కొన్నిటిని మనలో ప్రతివారును మోయుచున్నాము.

అట్లైన ఈ జన్యుపరిశోధన వలన ప్రయోజనమేమి? జన్యువులు రోగమునకు దారి ఎచటనున్నదో చూపుచున్నవి, దారి తెలిసినచో అడ్డుకట్ట వేయవచ్చును. శ్వాసనాళికల పొర దెబ్బతిన్నప్పుడు అపాయ సూచనగ ఇంటర్‌ల్యూకిన్-33 అను పదార్థమును విడుదల చేయును. ఈ జన్యువు సరిగ పనిచేయకుండ చేయు అరుదైన భేదము గలవారికి ఉబ్బసము తక్కువగ వచ్చునని 2017లో ఐస్‌లండు శాస్త్రజ్ఞులు చూపిరి. అట్టిదే మరియొక సూచనాపదార్థము టి.ఎస్.ఎల్.పి. దాని జన్యుస్థానము కూడ ఉబ్బస పరిశోధనలలో కనబడినదే. దానిని అడ్డుకొను టెజెపెలుమాబ్ అను మందును తీవ్రమైన ఉబ్బసమునకు వాడుటకు 2021లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది.

అంత క్రొత్త మందులు అందరికిని అవసరము లేదు. అధికసంఖ్యాకులకు నాళికల వాపును తగ్గించు స్టెరాయిడ్ మందును పీల్చుటయే చాలును. పీల్చు మందు "అలవాటు పడును", "చివరి దశవారికి ఇచ్చునది" అను భయము నిరాధారము. మాత్రగ మ్రింగిన మందు దేహమంతటికిని పోవును. పీల్చిన మందు స్వల్ప మోతాదులో నేరుగ చేరవలసిన చోటికే చేరును. ఆయాసము వచ్చినప్పుడు కండరమును సడలించు మందు ఒక్కదానితోనే కాలక్షేపము చేయుట తగదని, వాపును తగ్గించు మందు కూడ ఉండవలెనని 2019నుండి అంతర్జాతీయ నిపుణుల సూచన. ఏ మందు, ఎంత యనునది వైద్యుడే నిర్ణయింపవలెను.

ఉపాధ్యాయులు చేయదగిన పనులు కొన్ని గలవు. ఉబ్బసమున్న విద్యార్థి మందు పీల్చు సాధనమును సంచిలో దాచుకొనక అందుబాటులో నుంచుకొనునట్లు చూచుట, ఆయాసము వచ్చినప్పుడు నలుగురిలో వాడుటకు సిగ్గుపడకుండ చేయుట, నల్లబల్లను పొడిగుడ్డతో దులుపు పనిని ఆ పిల్లవానికి అప్పగింపకుండుట, వ్యాధి అదుపులో ఉన్నప్పుడు ఆటలనుండి వానిని వేరు చేయకుండుట. తలిదండ్రులు చేయదగిన పని అంతకంటె సులువైనది. ఇంటిలో బీడీ, సిగరెట్టు మానుట. వంటగదికి పొగ పోవు దారి ఉంచుట.

తాతనుండి వచ్చిన డి.ఎన్.ఏ. అక్షరములను మనము దిద్దలేము. కాని ఆ అక్షరములు ఏ గాలిలో చదువబడవలెనో చాలవరకు మన చేతిలోనే యున్నది. ఇంటిలో ఉబ్బసమున్నదని తెలియుట నిరాశకు కారణము కారాదు. పుట్టబోవు బిడ్డ ఊయల దగ్గర పొగ లేకుండ చూచుటకు అది ముందుగ అందిన హెచ్చరిక.